డాలర్ పెరిగితే దిగుమతి సరుకు గిరాకీ ఎంత తగ్గుతుంది? మీ ఊరి బిల్లులతోనే లెక్క కట్టే పద్ధతి

"డాలర్ పెరిగిందంటున్నారు, ఇక పామాయిల్ కొనేవాళ్లు తగ్గిపోతారాండీ?" పాలకొల్లులో కిరాణా కొట్టు నడిపే ఒకాయన అడిగిన మాట ఇది. అమలాపురంలో బీకాం చదివే ఒక అమ్మాయి తన ప్రాజెక్టు కోసం ఇదే అడిగింది. ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేసే రైతు మేత గురించి, సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్ల) గురించి అడిగారు. ముగ్గురికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. అలా చెబితే సగమే అందుతుంది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

తగ్గుతుంది, నిజమే. కానీ అన్ని సరుకులకూ ఒకేలా కాదు, వెంటనే కూడా కాదు. ధవళేశ్వరం దగ్గర కాలువకు నీళ్లు వదిలారని శివారు చేనుకు ఆ రోజే నీరు రాదు కదా. లాకులు దాటాలి, బోదెల్లోకి మళ్లాలి, దారిలో ఎవరి చేను వారు తడుపుకోవాలి. డాలర్ రేటు కూడా ఓడరేవు నుంచి మీ ఇంటి నూనె డబ్బా దాకా అలాగే వస్తుంది. ఏ లాకు దగ్గర ఎంత ఆగిందో చూడకుండా "డాలర్ పెరిగింది, దిగుమతులు తగ్గాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేయడమే అందరూ చేసే పొరపాటు.

రోజుకు గంట కేటాయిస్తే వారంలో ఈ లెక్క పూర్తవుతుంది.

ముందుగా కావలసినవి

- ఒక కిరాణా కొట్టు బిల్లు పుస్తకం, కనీసం పదిహేను నెలలది. రూపాయలతో పాటు లీటర్లు లేదా కిలోలు రాసి ఉండాలి. ఇది దొరకకపోతే చివర్లో చెప్పిన ఇంకో దారి చూడండి.
- డాలర్ రేటు. రోజూ మధ్యాహ్నం ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ రిఫరెన్స్ రేటు, అంటే ఆ రోజుకు అందరూ ఆధారంగా తీసుకునే రేటు ప్రకటిస్తుంది. 2018 జూలై దాకా ఈ పని రిజర్వు బ్యాంకు చేసేది. పాత రేట్లు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.
- సరుకు అంతర్జాతీయ ధర, డాలర్లలో. పామాయిల్, సోయా నూనె, యూరియా, డీఏపీ, పొటాష్ లాంటి వాటి నెలవారీ ధరల పట్టిక ప్రపంచ బ్యాంకు ఉచితంగా ఇస్తుంది.
- దేశం మొత్తానికి చూడాలనుకుంటే కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతి డేటా. అక్కడ పేరుతో కాకుండా హెచ్ఎస్ కోడ్‌తో (ఒక్కో రకం సరుకుకు అన్ని దేశాలూ వాడే సంఖ్యతో) వెతకండి. పామాయిల్ 1511, సోయా నూనె 1507, పొద్దుతిరుగుడు నూనె 1512, ముడి చమురు 2709, బంగారం 7108.
- గీతల నోటుబుక్కు, కాలిక్యులేటర్. ఎక్సెల్ వస్తే మంచిదే, రాకపోయినా పని ఆగదు.

1. ఒక్క సరుకునే ఎంచుకోండి

"దిగుమతులు" అని మొత్తంగా పట్టుకుంటే చేతికి ఏమీ చిక్కదు. మొదటిసారి చేసేవాళ్లు పామాయిల్ తీసుకోండి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి దిగుతుంది. కాకినాడ రేవు పక్కనే శుద్ధి చేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. అంటే సరుకు ప్రయాణమంతా మన కళ్ల ముందే సాగుతుంది.

ఎరువుల విషయంలో జాగ్రత్త. యూరియా బస్తా ధరను ప్రభుత్వం కట్టేసి ఉంచుతుంది. డాలర్ ఎంత పెరిగినా సొసైటీలో రైతు ఇచ్చే డబ్బు మారదు కాబట్టి రైతు గిరాకీ కూడా కదలదు. ఆ భారం సబ్సిడీ పద్దులోకి వెళ్లి కూర్చుంటుంది. యూరియా బిల్లులు తెచ్చి "డాలర్ ప్రభావం సున్నా" అని రాసిన వాళ్లను చూశాను. ప్రభావం సున్నా కాదు, అది పడే చోటు వేరు. ఎరువే కావాలంటే పొటాష్ తీసుకోండి. అది దాదాపు పూర్తిగా దిగుమతి సరుకు, బస్తా ధర కూడా కదులుతుంది.

హేచరీ (రొయ్య పిల్లను పుట్టించే కేంద్రం) సరుకు మరో రకం. వనామీ అనే రకం తల్లి రొయ్యలు విమానంలో ఎక్కువగా అమెరికా నుంచి వచ్చి, చెన్నైలో క్వారంటైన్ పూర్తయ్యాక హేచరీలకు చేరతాయి. ఒక్కో తల్లి లక్షల్లో పిల్లనిస్తుంది. కాబట్టి తల్లి ధర పెరిగినా ఒక్కో పిల్ల మీద పడేది చాలా తక్కువ. ఎన్ని తల్లులు తెప్పించాలన్నది డాలర్ కన్నా ఈ సీజన్లో ఎన్ని చెరువుల్లో పిల్ల వేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. బంగారం ఇంకో తిక్క. రేటు ఇంకా పెరుగుతుందని భయపడితే జనం ముందే కొనేస్తారు, అంటే ధర పెరుగుతున్నప్పుడే గిరాకీ కూడా పెరుగుతుంది. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

2. డాలర్ ఎంత మారిందో సరిగ్గా తీయండి

ఒక రోజు రేటు తీసుకోకండి. ఆ నెల రోజువారీ రేట్లన్నీ కూడి సగటు తీయండి. టీవీలో "చారిత్రక కనిష్ఠం" అని చెప్పిన రోజు రేటుకు కొట్టువాడు సరుకు తెచ్చి ఉండడు.

ఇక శాతం. డాలర్ 80 నుంచి 90 అయిందనుకుందాం. డాలర్ పెరిగింది 12.5 శాతం. రూపాయి విలువ పడిపోయింది 11.1 శాతం. రెండూ సరైనవే, మొదటిది 80 మీద వేసిన లెక్క, రెండోది 90 మీద వేసింది. దిగుమతి ధరకు కావలసింది మొదటిది. పేపర్లో వచ్చిన రెండో అంకెను తెచ్చి ఇక్కడ వేస్తే చివరి జవాబు తప్పు వస్తుంది, ఎక్కడ తప్పిందో మీకు అంతుపట్టదు.

సరుకు వచ్చే దేశం కరెన్సీ చూడాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. ఇండోనేషియా నుంచి వచ్చినా బిల్లు డాలర్లలోనే ఉంటుంది. మన దిగుమతుల్లో అత్యధిక భాగం అంతే.

3. రేవులో పడే ధర కట్టండి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మెట్టు దగ్గరే, కాబట్టి నెమ్మదిగా చేయండి. లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రని అంకెలు వేస్తున్నాను.

పామాయిల్ టన్ను 1000 డాలర్లు అనుకోండి. డాలర్ 80 ఉన్నప్పుడు 80,000 రూపాయలు, 90 ఉన్నప్పుడు 90,000. దీనిమీద సుంకం ఉంటుంది. ముడి పామాయిల్‌కు అన్నీ కలిపి 16.5 శాతం వేసుకుందాం. మొదటి దానికి సుంకం 13,200, మొత్తం 93,200. రెండో దానికి సుంకం 14,850, మొత్తం 1,04,850. సుంకం శాతం మారకపోయినా సుంకం రూపాయలు పెరిగాయి చూడండి. డాలర్ పెరిగితే పన్ను కూడా దానితో పాటే పెరుగుతుంది.

దీన్ని లీటరుకు మార్చండి. లీటరు పామాయిల్ సుమారు 910 గ్రాములు. అంటే లీటరుకు 84 రూపాయల 81 పైసలు కాస్తా 95 రూపాయల 41 పైసలు అయింది. తేడా 10 రూపాయల 60 పైసలు. కొట్లో ప్యాకెట్ పట్టుకున్నప్పుడు దానిమీద గ్రాములు ఎంత రాశారో తప్పకుండా చూడండి. ప్యాకెట్‌ను లీటరు అని పిలిచినా లోపల అంత లేకపోవచ్చు. ఆ తేడాను మీరు ధర పెరుగుదలగా పొరబడే ప్రమాదం ఉంది.

అసలు కస్టమ్స్ లెక్క దీనికన్నా కొంచెం మెలికగా ఉంటుంది. పామాయిల్‌కు టన్ను ఇంత అని ప్రభుత్వమే ఒక విలువను డాలర్లలో ప్రకటించి, దానిమీద సుంకం వేస్తుంది. మన పనికి పై లెక్క సరిపోతుంది.

రెండు హెచ్చరికలు.

ఒకటి, డాలర్ రేటుతో పాటు సరుకు డాలర్ ధర కూడా కదులుతుంది. డాలర్ 90 అయినప్పుడే పామాయిల్ టన్ను 900 డాలర్లకు దిగితే 81,000 అవుతుంది. అంటే రూపాయి అంత పడినా సరుకు పెరిగింది 1.25 శాతమే. రూపాయి పడిందని నూనె ఖరీదవుతుందని ముందే తీర్మానించకండి. రెండు అంకెలూ పక్కపక్క గడుల్లో రాయండి.

రెండు, సుంకం మారిన నెలను డాలర్ ఖాతాలో వేయకండి. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. 2025 మే చివర్లో 16.5 శాతానికి దించారు. ఆ పెంపు తర్వాత నూనె ధర పెరగడంలో డాలర్ పాత్ర చిన్నది, సుంకం పాత్ర పెద్దది. మీ పదిహేను నెలల్లో ఇలాంటి మార్పు ఉంటే ఆ ముందూ వెనకా నెలలను విడదీసి చూడండి, లేదా వదిలేయండి.

4. ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోండి

ఈ రోజు డాలర్ పెరిగితే ఈ రోజే కొట్టులో ధర మారదు. దిగుమతిదారు పాత రేటుకు ఒప్పందం చేసుకుని ఉంటాడు. కొందరు రాబోయే నెలల డాలర్లను ముందే ఒక రేటుకు బ్యాంకుతో ఖాయం చేసుకుంటారు. రేవు దగ్గర ట్యాంకుల్లో పాత సరుకు ఉంటుంది, హోల్‌సేల్ గోడౌన్లో ఉంటుంది, కొట్టువాడి అటక మీద నాలుగు టిన్నులు ఉంటాయి. ఇండోనేషియా ఓడ త్వరగా వస్తుంది కానీ అర్జెంటీనా నుంచి సోయా నూనె రావడానికి నెలకు పైనే పడుతుంది.

అందుకని డాలర్ మార్పును అదే నెల అమ్మకాలతో పోల్చకండి. పామాయిల్‌కు ఒక నెల వెనక్కి, రెండు నెలలు వెనక్కి జరిపి రెండు రకాలుగా వేసి చూడండి. ఏది బాగా అతుకుతుందో మీ బిల్లులే చెబుతాయి.

ఒక్కోసారి ఇది తలకిందులు కూడా అవుతుంది. డాలర్ ఇంకా పెరుగుతుందని హోల్‌సేల్ వాళ్లకు టెన్షన్ పట్టుకుంటే ముందే ఎక్కువ సరుకు దించేస్తారు. ఆ నెల దిగుమతి పెరిగినట్టు కనిపిస్తుంది, తర్వాతి నెల ఒక్కసారిగా పడిపోతుంది. మూడు నెలలు కలిపి చూస్తే ఈ ఎగుడుదిగుడు సర్దుకుంటుంది.

5. గిరాకీని లీటర్లలో కొలవండి, రూపాయల్లో కాదు

నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు బిల్లు పుస్తకంలో రూపాయల గడి కూడి, "ధర పెరిగినా జనం ఎక్కువే కొంటున్నారు" అని తరగతిలో చెప్పాను. ఒక విద్యార్థి లేచి, "మరి టిన్నులు తక్కువ తెస్తున్నారు కదండీ" అన్నాడు. వాళ్ల నాన్నగారిదే ఆ కొట్టు. ఆ రోజు నుంచి రూపాయల గడిని చివర్లో తప్ప ముట్టుకోలేదు.

ఉదాహరణ చూడండి. పోయిన ఏడాది ఒక మూడు నెలల్లో కొట్టు అమ్మింది 640 లీటర్లు, లీటరు 110 రూపాయలు. ఈ ఏడాది అవే మూడు నెలల్లో 592 లీటర్లు, లీటరు 121 రూపాయలు.

ధర పెరిగింది 10 శాతం. డాలర్ 12.5 పెరిగితే ఇక్కడ 10 మాత్రమే ఎందుకు పెరిగింది? శుద్ధి ఖర్చు, ప్యాకెట్, లారీ కిరాయి, కొట్టువాడి లాభం, ఇవేవీ డాలర్‌తో పాటు అంతే పెరగవు కాబట్టి. పైన చెప్పిన ఆలస్యం మొదటి లాకు అయితే, ఇది రెండో లాకు అనుకోండి.

లీటర్లు తగ్గింది 48, అంటే 7.5 శాతం. 7.5ను 10తో భాగిస్తే 0.75. కొట్టులో ధర ఒక శాతం పెరిగితే గిరాకీ ముప్పావు శాతం తగ్గిందని అర్థం. అదే 7.5ను డాలర్ మార్పు 12.5తో భాగిస్తే 0.6. ఈ రెండు అంకెలూ వేరు. ఏది దేనితో భాగించారో పక్కనే రాసుకోండి, వారం తర్వాత మీకే గుర్తుండదు.

ఇప్పుడు రూపాయలు చూద్దాం. పోయిన ఏడాది 70,400, ఈ ఏడాది 71,632. నూనె తక్కువ కొన్నారు, డబ్బు ఎక్కువ ఇచ్చారు. డాలర్లలో చూస్తే? లీటరుకు 910 గ్రాములు, కిలో ఒక డాలర్ చొప్పున పోయిన ఏడాది 582 డాలర్ల సరుకు, ఈ ఏడాది 539 డాలర్ల సరుకు. అవే మూడు నెలలు, అదే కొట్టు. రూపాయల బిల్లు పెరిగింది, డాలర్ల బిల్లు తగ్గింది. దేశం లెక్కల్లో కూడా ఇదే జరుగుతుంది. దిగుమతులు పెరిగాయని ఒక వార్తలో, తగ్గాయని ఇంకో వార్తలో చదివినప్పుడు ఒకటి రూపాయల్లో, ఇంకొకటి డాలర్లలో చెప్పి ఉండొచ్చు. ముందు అది చూడండి.

పోలిక ఎప్పుడూ పోయిన ఏడాది అవే నెలలతో పెట్టండి. సంక్రాంతికి అరిసెలు, జంతికలు వండే పుష్యమాసాన్ని ఆషాఢంతో పోలిస్తే వచ్చే తేడా పండగది, డాలర్‌ది కాదు. సంక్రాంతి తేదీ కదలదు కానీ దసరా, దీపావళి ఒక నెల నుంచి ఇంకో నెలకు జరుగుతుంటాయి. ఆ జరుగుబాటు పడిన ఏడాది సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మూడు నెలలూ కలిపి తీసుకోండి.

6. ఆ 48 లీటర్లు ఎటు పోయాయో అడగండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఈ పనిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. పదిహేను ఇళ్లకు వెళ్లి, లేదా కొట్టు దగ్గర నిలబడి అడగండి. వచ్చే జవాబులు నాలుగు రకాలు.

కొందరు నిజంగానే తక్కువ వండుతున్నారు. కొందరు వేరే నూనెకు మారారు. మన వరి మిల్లుల నుంచి వచ్చే తవుడు నూనె ఉంది, కోనసీమలో కొబ్బరినూనె ఉంది, వేరుశనగ ఉంది. కొందరు పామాయిలే కొంటున్నారు కానీ ఇంకో కొట్టులో. కొందరేమో పొద్దుతిరుగుడు నూనె మానేసి పామాయిల్‌కు దిగారు, అంటే ఒక దిగుమతి సరుకు నుంచి ఇంకో దిగుమతి సరుకుకు.

మొదటి రెండూ దేశం దిగుమతిని తగ్గిస్తాయి. మూడోది తగ్గించదు, దాన్ని 48 నుంచి తీసేసి మళ్లీ లెక్క వేయండి. నాలుగోదాన్ని పామాయిల్ అమ్మకాల్లో విడిగా చూపండి.

తవుడు నూనెకు మారితే డాలర్ బాధ తప్పినట్టే అనుకోకండి. పామాయిల్ పెరిగితే దానితో పోటీ పడే ఇక్కడి నూనెల ధర కూడా పైకి లేస్తుంది. పెదవేగి వైపు పామాయిల్ తోటల రైతులను అడిగితే తెలుస్తుంది. గెలల ధర కట్టేటప్పుడు ముడి పామాయిల్ మార్కెట్ ధరనే చూస్తారు కాబట్టి డాలర్ పెరిగినప్పుడు వాళ్లకు మేలు జరుగుతుంది. మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. అంటే దిగుమతి స్థానంలో మన పంట రావడానికి పట్టే కాలం మీ పదిహేను నెలల బిల్లుల్లో కనిపించదు.

7. గోదావరి డెల్టాకు ప్రత్యేకమైన ఒక సవరణ

మన దగ్గర డాలర్ ఖర్చును మాత్రమే పెంచదు, రాబడిని కూడా పెంచుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్య ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది, డబ్బు డాలర్లలో వస్తుంది. డాలర్ పెరిగితే ఎగుమతిదారుకు అదే రొయ్యకు ఎక్కువ రూపాయలు వస్తాయి. అందులో ఎంత చెరువు గట్టు మీద రైతుకు కౌంట్ రేటుగా (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధరగా) దిగుతుందన్నది వేరే సంగతి. విదేశీ కొనుగోలుదారు డాలర్ ధర తగ్గించమని బేరమాడతాడు, అక్కడ సుంకాలు పెరిగితే అదీ తింటుంది. అయినా కొంత దిగుతుంది.

గల్ఫ్ డబ్బు కూడా అంతే. సౌదీ రియాల్ డాలర్‌కు 3.75 చొప్పున, యూఏఈ దిర్హమ్ 3.6725 చొప్పున ఏళ్ల తరబడి కట్టేసి ఉన్నాయి. డాలర్ 12.5 శాతం పెరిగితే అక్కడి నుంచి వచ్చే రూపాయలూ సరిగ్గా అంతే పెరుగుతాయి. కువైట్ దినార్ కొన్ని కరెన్సీల కలగలుపుకు ముడిపడి ఉంటుంది కాబట్టి దానికి మాత్రం విడిగా చూడాలి.

అందుకని మీరు అడిగిన ఇళ్లను మూడు గుంపులు చేయండి. రొయ్య, చేపల రాబడి ఉన్నవి ఒకటి, గల్ఫ్ డబ్బు వచ్చేవి ఒకటి, కూలీ లేదా ఇక్కడి జీతం మీద బతికేవి ఒకటి. నేను చూసినంతలో నూనె తగ్గించుకున్నది ముఖ్యంగా మూడో గుంపు. సగటు అంకె ఒక్కటే రాస్తే ఆ ఇళ్ల కష్టం కనపడకుండా పోతుంది. నాకు అది ఇష్టం లేదు, దయచేసి మీరూ అలా రాయకండి.

8. జవాబు సరైనదో కాదో పరీక్షించండి

మొదటి పరీక్ష, డాలర్ కాస్త తగ్గిన నెలలు ఏవైనా మీ పుస్తకంలో ఉంటే అదే లెక్క వెనక్కి వేయండి. అక్కడ గిరాకీ పెరగకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. ధర తగ్గించడానికి వ్యాపారులు తొందరపడరు, లేదా మీ మొదటి అంకెలో వేరే ఏదో కలిసిపోయింది. కొట్టు ధర నిజంగా తగ్గిందో లేదో చూస్తే ఏది కారణమో తేలిపోతుంది.

రెండో పరీక్ష, కనీసం ఇంకో రెండు కొట్ల బిల్లులతో మళ్లీ వేయండి. ఒకటి బస్టాండు దగ్గరది, ఒకటి లోపలి పల్లెలోది అయితే మంచిది. మీకు 0.75 వచ్చి, వాటికి 0.5, 0.9 వస్తే భయపడకండి. "0.5 నుంచి 0.9 మధ్య" అని రాయండి. ఒకదానికి 4 వచ్చిందంటే మాత్రం లీటర్లు, కిలోలు కలిసిపోయాయేమో చూడండి. నా దగ్గరకు వచ్చిన ప్రాజెక్టుల్లో ఇలాంటి వింత అంకెలు ఎక్కువగా అక్కడే పుట్టాయి. 15 కిలోల టిన్నును 15 లీటర్లుగా రాసేస్తుంటారు.

మూడో పరీక్ష, ప్రభుత్వం మధ్యలో చేయి పెట్టిందేమో చూడటం. 1991 జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. ఆ ఏడాది దిగుమతులు బాగా తగ్గాయి కూడా. విద్యార్థులు దీన్ని మారకం రేటు ప్రభావానికి ఉదాహరణగా రాస్తుంటారు. కానీ అంతకుముందే విదేశీ మారకం అడుగంటి, దిగుమతిదారులు బ్యాంకులో ముందుగా కట్టాల్సిన డబ్బును విపరీతంగా పెంచి, దిగుమతులను చేతులతో నొక్కి పట్టారు. 2013లో రూపాయి డాలర్‌కు 68 దాకా పడినప్పుడు బంగారం దిగుమతి తగ్గింది. అప్పుడు సుంకాన్ని 10 శాతానికి పెంచి, తెచ్చిన దానిలో అయిదో వంతు ఎగుమతిదారులకే ఇవ్వాలని షరతు పెట్టారు. ఈ రెండు చోట్లా తగ్గినదంతా రేటు వల్లే అంటే లెక్క తప్పు.

బిల్లు పుస్తకం దొరకని వాళ్లకు ఇంకో దారి ఉంది. వాణిజ్య శాఖ డేటాలో 1511 కోడ్ కింద పరిమాణం, డాలర్ విలువ, రూపాయి విలువ మూడూ ఉంటాయి. పరిమాణం గడితో 2 నుంచి 5 వరకు మెట్లు అలాగే చేయొచ్చు. ఆరో మెట్టు, ఏడో మెట్టు మాత్రం అక్కడ కుదరవు, వాటికి ఇళ్ల దగ్గరకు వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు పొద్దున వంట వేళ కాకుండా సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. నూనె డబ్బా తెచ్చి చూపించమంటే కాదనరు, నెలకు ఎన్ని ప్యాకెట్లు తెగుతాయో మాటల్లో కన్నా ఆ డబ్బా దగ్గర నిలబడి అడిగితేనే సరిగ్గా చెబుతారు.